మాంగా అంటే మామిడికాయ కాదు

మెరీనాలో సుండల్ కుర్రాడి కేక:
తేంగా, మాంగా, పట్టాణీ!
ఈ ఊళ్ళో నా వ్యసనం పేరు చెబితే
ఉప్పూ కారం అద్ది చేతిలో పెడతారు.
పై అంతస్తు తంగమ్మాళ్ గారైతే
"అర్ధరాత్రి మాంగా ఏమిటమ్మా, పళ్ళు జివ్వుమనవూ?" అన్నారు.
జివ్వుమంటుందండీ,
కాకపోతే ఇంకెక్కడో.

ఇప్పుడు వాళ్ళ మనవడు నితిలన్, తొమ్మిదో తరగతి,
గుమ్మంలో ఒంటికాలి మీద ఊగుతూ
"ఆంటీ, మంచిది ఒకటివ్వండి" అంటాడు.
మంచిదంటే వాడి లెక్కలో కత్తి ఉండాలి,
ఆ కత్తికో పేరుండాలి,
ఓడినవాడు కొత్త జుట్టుతో తిరిగి రావాలి.

నా బీరువాలో కత్తుల్లేవురా.
గొడుగులు బాగుచేసే ముసలాయన ఉన్నాడు,
ఒక్క పుల్ల సరిచెయ్యడానికి ముప్పై రెండు పేజీలు.
మూడుసార్లు చదివాను, ఇంకా వాన పడలేదు.
ఎప్పుడూ ఓడే బేస్‌బాల్ జట్టుకి స్కోరు రాసే పిల్ల ఉంది.
ఆట ఒక్కసారీ చూపించరు,
ఆమె పెన్సిలు అరగడమే చూస్తాం.
దయ్యం కథా ఉంది, భయపడకు,
పాపం దానికి అద్దె కట్టడమే కష్టంగా ఉంది.

ఇక దీపస్తంభం కథ.
పదకొండు భాగాలు, నా దగ్గర పది.
ఏడోది పైక్రాఫ్ట్స్ రోడ్డు పేవ్‌మెంటు మీదా లేదు,
సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్‌లోనూ లేదు.
ఆరోదాంట్లో పళ్ళన్నీ బయటపెట్టి నవ్విన చెల్లెలు
ఎనిమిదోదాంట్లో గోడ మీద ఫోటో.
మధ్యలో ఏం జరిగిందో
ఆరేళ్ళుగా నేనే గీసుకుంటున్నాను,
ఒక్కో ఈశాన్య రుతుపవనానికి ఒక్కో రకంగా.

కుడి నుంచి చదవాలిరా, మర్చిపోకు.
చివరనుకున్నదే మొదలు.
బళ్ళో ఎడంచేత్తో రాసి
స్కేలు దెబ్బలు తిన్నదాన్ని, నాకిది వెంటనే ఒంటబట్టింది.

పెన్సిల్ రాతలు పట్టించుకోకు.
జపాన్ చప్పుళ్ళని బొమ్మల్లో అలాగే వదిలేస్తారు,
ఇసుకలో పక్షి కాళ్ళ గుర్తుల్లా.
అర్థం కనుక్కుని పక్కన తెలుగు రాస్తాను.
రేకుల మీద వాన, టపటప.
నూనెలో చేప, చుయ్.
మెట్ల మీద పిల్లి, మెత్తమెత్తగా.
అది చప్పుడు కాదని తెలుసు, బావుందని ఉంచాను.

పగలంతా కీళ్పాక్‌లో చెవుల ఆస్పత్రి నాది,
"వినబడితే చెయ్యెత్తండి" అనడం,
ఎత్తని చేతులకి గ్రాఫు మీద చుక్క పెట్టడం.
అయినా పదో భాగం, నూట నలభై ఒకటో పేజీ దగ్గర ఓడిపోయాను.
ఖాళీ గది. మడిచిన పరుపు.
పైనుంచి కిందికి పొడుగ్గా ఒక చప్పుడు.
ఏ చప్పుడూ లేనప్పుడు వచ్చేదట అది.
'నిశ్శబ్దం' అని రాశాను.
మూడక్షరాల్లో రెండు ఒత్తులు,
ఎవరో తలుపు వేసినట్టయింది. చెరిపేశాను.
ఇంకేదో రాశాను. చెరిపేశాను.
కాగితం అక్కడ పలచబడింది.

నితిలన్ వారానికే తెచ్చిచ్చాడు, పదీ.
"బోరాంటీ. పాటి మాత్రం చూసింది."

తంగమ్మాళ్ గారికి ఇంగ్లీషు రాదు.
కళ్ళజోడు పెట్టుకుని, కట్ట అడుగు నుంచి తీసి,
మనమంతా తిప్పే వైపే తిప్పారట పేజీలు,
పదకొండు, పది, తొమ్మిది.
మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని చెప్పారు:
ఖాళీ గదిలో ఎవరో పరుపు పరిచారట,
ఫోటోలో పిల్ల గోడ దిగి వచ్చిందట,
వచ్చి పళ్ళన్నీ కనబడేలా నవ్విందట.

"మధ్యలో ఒకటి లేదు కదండీ?"

"అందులోనే దిగి ఉంటుంది" అన్నారు,
కూరల సంచీ చెయ్యి మార్చుకుంటూ.
రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగి
"నల్ల కదై" అన్నారు.

నల్ల అంటే ఆవిడ భాషలో మంచిది.