కారణం అనే గడి

యూనిఫాం విప్పేసి చీరలో రమ్మన్నారు.
పిల్లల్ని అడిగేటప్పుడు ఖాకీ కనబడకూడదని రూలు.
కాశీబుగ్గ స్టేషన్ వెనక గదిలో
బెంచీ మీద ముగ్గురు.
ఫ్యాను జీడిబట్టీల పొగవాసనని
తిప్పి తిప్పి మా మీదికే తెస్తోంది.

చివర కూర్చున్న గుంటడే ముందు నోరు విప్పాడు:
"మేడం, నా సైకిలు అక్కడే ఉండిపోనాది.
ఎవులైనా ఎత్తుకెల్లిపోతారేమో."
వాడికి పద్నాలుగు.
ఖగేశు కాళ్ళు పట్టుకున్నది వాడు.
ఎందుకు పట్టుకున్నావురా అంటే
"పట్టుకోమన్నాడు."
ఇంకేమీ లేదా అంటే
నిజంగానే కాసేపు లోపల వెతుక్కుని
"నేదు" అన్నాడు.

మధ్యవాడు మాట్లాడలేదు.
టీ తాగాడు. రెండో టీ కూడా తాగాడు.

దానేసు బిస్కెట్ కోసం చెయ్యి చాపినప్పుడు చూశాను.
వేళ్ళ చివర్లు నల్లగా, నున్నగా.
జీడి సొన తినేసిన చోట గీతల్లేవు.
తిత్లీ తుఫానుకి తోట పడిపోయిన ఏడాది నుంచి
తల్లి పక్కన కూర్చుని పిక్కలు ఒలుస్తున్నాడు.
రేషను మిషను వాణ్ణి ఒక్కసారీ గుర్తుపట్టలేదట.
"మల్లీ ఎట్టు, మల్లీ ఎట్టు అంటాది డీలరమ్మ.
నాను నానే అని
నా ఏలు సెప్పదు మేడం."

సంగతంతా పన్నెండొందలది.
ఖగేశు ఫోను వీడి చేతిలోంచి జారి అద్దం బీటలిచ్చింది.
ఖగేశుకి పందొమ్మిది, ఆటో స్టాండులో అందరికీ ముద్దు.
డబ్బులేవిరా అని
రైల్వే క్వార్టర్స్ వెనక గుంజీళ్ళు తీయించాడు.
పైకి లెక్కపెట్టమన్నాడు.
నలభయ్యారు దగ్గర తడబడితే
మళ్ళీ ఒకటి నుంచి.
ఆ పగిలిన ఫోనుతోనే వీడియో తీసి
స్టేటస్ పెట్టాడు.

రెండొందల పన్నెండు మంది చూశారని
ఖగేశే ఫోను తెచ్చి మరీ చూపించాడు.
అందులో వీడి మేనమామ ఉన్నాడు.
నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చిన బొమ్మ పంపాడు మేనమామ.

ఒక్కరోజులో పోయేదే కదరా, అన్నాను.
"పోనాది మేడం. పోయేదాకా ఆగినాను.
మాయమ్మ ఫోన్లో గంటకోపాలి సూసుకున్నాను.
మర్నాడు సాయంత్రం తీస్తే ఏటీ నేదు.
అందరికీ పోనాది.
నాకే పోనేదు."

ఆ రాత్రి మెయిలు వెళ్ళాక, పట్టాల పక్క.
ఆ రాయి నేను చూశాను.
కొబ్బరికాయంత ఉంది. ఇంతకుమించి చెప్పను.

వరండా మెట్ల మీద దమయంతి,
ఖగేశు తల్లి,
కొంగు చివర ముడి విప్పి మళ్ళీ కడుతోంది.
"ఆ పొద్దున్నే కొత్త అద్దం ఏయించీసినాడమ్మా.
డబ్బులు నానే ఇచ్చినాను.
అడిగితే ఇయ్యనా?
ఆ గుంటడు నన్నడిగినా ఇద్దును."

కాగితంలో కారణం అని ఒక గడి ఉంది,
వేలెడంత.
'పాత కక్షలు' అని రాసెయ్యమన్నారు ఎస్సై గారు.
పదహారేళ్ళవాడి కక్ష
ఎంత పాతదై ఉంటుంది?
ఒక పగలు, ఒక రాత్రి, ఇంకో పగలు.
పేదరికం అందామంటే
ఈ ఊళ్ళో వేళ్ళు అరిగిపోయిన పిల్లలు ఎంతమంది,
వాళ్ళెవరూ రాయెత్తలేదు.
ఫోను అందామంటే నా ఒళ్ళోనూ ఒకటుంది,
అప్పుడే టింగుమంది, తీసి చూశాను కూడా.
చెడు సావాసం అందామంటే
సైకిలు కోసం ఏడుస్తున్నవాడా సావాసం?
మేనమామ పేరు రాయడానికి
ఏ సెక్షనూ లేదు.

పెన్ను మూత పెట్టి లేచాను.

తెల్లారగట్ల వ్యాను వాళ్ళని విశాఖపట్నం తీసుకెళ్ళింది.
కిటికీలోంచి ఎవరూ వెనక్కి చూడలేదు.
నేను పట్టాలవైపు నడిచాను, అదే చీరతో.
సైకిలు అక్కడే ఉంది, తుమ్మకి ఆనించి,
సీటు మీద మంచు.
ఎవరూ ఎత్తుకెళ్ళలేదు.
బెల్లు మాత్రం
ఎవరో విప్పుకుపోయారు.