గొలుసు రెండో కొస

సర్జాపురం దాటినాక బస్సు వంగే మూల దిగి
సూర్యుణ్ణి కుడిచెంపకు పెట్టుకొని నడిస్తే
రెండు బీడీల దూరం ఈతగుంటపల్లి.
మా నాయిన పిళ్ళప్ప చెప్పిన దోవ ఇది.
పొద్దుటి సూర్యుడో మాపటి సూర్యుడో
అడగాలని నాకు తోచలేదు.

గొలుసు మొదటి కొస సర్వేయరుది.
రెండో కొస మా నాయినది.
ముప్పై మూడు అడుగులు, పదహారు అణాలు,
అంత ఇనుమునూ ఊరంతా ఈడ్చినాడు.
ఏ గట్టు ఏ ఏడు ఎటు జరిగిందో,
అబ్బయ్యరెడ్డి నాగలి చీకట్లో ఎన్ని జానలు మేసిందో
మా నాయిన మడమలకు తెలుసు.
కాగితం మీదికి మాత్రం
మొదటి కొస చెప్పిందే ఎక్కింది.

ఉత్తరాన తెల్లరాళ్ళ దిన్నె, ఉలవ తప్ప మొలవదు.
దక్షిణాన వంక, ఎండాకాలం అందులో ఎనుములు పడుకునేవి.
పడమట కన్నడం మాట్లాడే ఊరు,
తూర్పున అరవం మాట్లాడే తోట.
నడుమ మా పదకొండు ఇళ్ళు
తెలుగులో తిట్టుకునేవి,
మూడు భాషల్లో అప్పడిగేవి.

ఊరు ఎప్పుడు పుట్టిందంటే
గురమ్మవ్వ ప్లేగు ఏడనేది.
అంతకు ముందు వంకకు అవతల ఉండిందంట.
ఒకరింటి చూరులోనించి ఎలక రాలిందని
రాగికుప్ప నూర్చకుండానే వదిలేసి
ఇవతలికొచ్చి తడికెలు కట్టుకున్నారంట,
నెల్లాళ్ళకని.
ఇంకా ఆ నెల తీరలేదు.
పాత ఊరిమీద దున్నితే తిరగలి ముక్కలు తగులుతాయి.
ఆడ రాగి జానెడు ఎత్తు ఎక్కువ.

ఆ తర్వాత చరిత్రంతా లోతుల్లోనే.
మెట్ల బావి, ముప్పై అడుగులు.
మా తాత తవ్వినాడు.
నీళ్ళు పడిన రోటినించి మేము దిగరాదు.
మొదటి బోరు, నూట ఎనభై.
ద్రాక్ష పందిళ్ళు, మందు మరకల నీలం చొక్కాలు,
పాపిరెడ్డి కొడుక్కి మోటారు సైకిలు.
ఆరు వందలు.
పందిళ్ళ రాతి కూసాలు పీకి లారీకెత్తినారు.
పన్నెండు వందలు.
మూడు పగళ్ళు, రెండు రాత్రులు, ఉత్త పిండి.
ఆవులమ్మ కనకాంబరాల మడి
తెల్లారేసరికి మల్లెమడి అయింది.
ఆమె నవ్వింది. తర్వాత మడి పక్కన కూర్చుంది.

ఇప్పుడు పట్నం కడుక్కున్న నీళ్ళు
శుద్ధయి గొట్టాల్లో మా చెరువుకొస్తాయి.
మనం పంపిన పాలూ కూరగాయలూ
తిరిగొచ్చినట్టున్నాయంటాడు తమ్ముడు గంగులు.
మేము వాసన చూసి పారగడతాము.

ఆ దిన్నెమీద మాకు పట్టా అయిన ఏడు
నాకు తొమ్మిదేళ్ళు.
ఒక ఎకరా పది గుంటలని కాగితంలో ఉంది.
నాయిన గొలుసు అడిగి తెచ్చినాడు.
మొదటి కొస చేతిలోకి తీసుకొని
చాలాసేపు ఊరికే నిలబడినాడు.
“రెండో కొస ఎవురు పట్టేది మే?”
నేను పట్టినాను.
ఇనుము కాలింది. వదల్లేదు.
తుమ్మముల్లు గుచ్చుకున్నా వదల్లేదు.
లెక్క సరిగ్గా ఒక ఎకరా పది గుంటలే వచ్చింది.
నాయిన ఇంకోసారి కొలిచినాడు,
లెక్క కోసం కాదనుకుంటాను.

మొన్న ఆకాశంలో తూనీగ లాంటిది తిరిగి
ఊరంతా కొలుచుకొని పోయింది.
కొసలు పట్టే పని లేదు.
నా ఫోనులోకి లెక్కొచ్చింది:
ఎకరా ఎనిమిదిన్నర గుంటలు.
గంగులు తాలూకాఫీసుకు పోదామంటాడు.
పక్క గోడవాళ్ళు జరిపినారంటాడు.
ఉండొచ్చు.
నాకు మాత్రం ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది.
చిన్న చేతుల్లో గొలుసు వదులుగా వేలాడింది కదా,
వేలాడిన గొలుసు నేలను ఎక్కువ చూపిస్తుంది.
నాయినకు ఆ సంగతి తెలియకుండా ఉంటుందా?

ఈ ఏడు రాగిలో అనపసాళ్ళు వేసినాను.
మార్గశిరం మంచుకు కాయ జిడ్డెక్కి
వాసన గోడ దాటి పదో అంతస్తుకు పోతుంది.
అందరికంటే ముందు విత్తింది
లెక్కలో లేని ఆ గుంటన్నరలోనే.