జల్లెడ

పలాస ఫ్యాక్టరీలో
జల్లెడ మీద నిలిచిందే గుండు.
జారితే బద్ద. ఇంకా జారితే నూక.
దాలమ్మత్తకి జల్లెడ కూడా అక్కర్లేదు,
చూపు చాలు.

"ఐసెట్ అయితే సికాకుళంలోనే సెంటరు.
క్యాట్‌కి వైజాగ్ ఎల్లాల,
ఫీజు నాలుగింతలు" అన్నాను,
టీ గ్లాసు పక్కన ఫోన్ పెట్టి.

"ఓలె గుంటా,
దేని కన్నాలు పెద్దవేటి?"

"క్యాట్‌వి."

ఏమీ అనలేదు.
నా ముందున్న ట్రే తన వైపు లాక్కుంది,
ఇవాళ్టి నా కిలోలు కూడా తనే ఏరేలా.

పరీక్ష రోజు వేలిముద్ర అడుగుతారట.
జీడి రసం తిన్న నా బొటనవేలిని
రేషన్ మిషనే నాలుగోసారికి గానీ గుర్తుపట్టదు.

రాత్రి పదకొండు యాభైకి
క్యాట్ ఫీజు కట్టాను,
చూపుడువేలుతో.
దాని గీతలు
ఇంకా కొన్ని మిగిలున్నాయి.