గోడకు తగలకుండా

గిరింపేట సందులో నా అంగడి ముందర
కాలిపోయిన మోటార్లు,
ఒక్కోదాని మెడలో రైతు పేరు రాసిన అట్టముక్క.
విప్పకముందే వాసన పట్టి చెప్పేస్తా:
ఇది బోర్లో నీళ్లు లేక ఉత్తగా తిరిగి కాలింది,
ఇది రాత్రి రెండింటికొచ్చిన లో వోల్టేజీకి,
ఇది వాళ్ల పెద్దోడి తెలివికి.

ముప్పై ఏండ్లుగా నా పని ఒకటే.
రాగితీగలో పారేది
ఇనప ఒంటికి తగలకుండా చూడడం.
తగిలితే "బాడీ కొట్టింది" అంటాం.
ఆ మాట అన్నాక రైతు మొగంలోకి చూడను.

ఆ పాప వచ్చినప్పుడు చేతిలో మోటారు లేదు.
పేరు రెడ్డిరాణి. సదుం పక్క పల్లె.
తిరుపతి యూనివర్సిటీలో ఏందో పరిశోధన.
"పన్నెండు కాయిల్సు కావాలన్నా,
మనిషి తలకాయ దూరేంత గుండ్రం,
ఒక్కోదానికి నలభై ఎనిమిది చుట్లు.
ఒకటి ఎక్కువ కాగూడదు, ఒకటి తక్కువ కాగూడదు."
ఎన్ని హెచ్.పి. అని అడిగితే నవ్వింది.

గోనెసంచిలో కట్టుకుని బస్సెక్కినా.
రాగి బరువుకు కండక్టరు అర టిక్కెట్టు కొట్టినాడు.
పూతలపట్టు దాటేదాకా వాడితో వాదన.

అక్కడ గదిలో
వడ మాదిరి నడుమ బొక్క ఉన్న స్టీలు గొట్టం,
రెండు సగాలు.
నా కాయిల్సు తొడిగి, సగాలు కలిపి బోల్టులు బిగించినారు.
లోపలి గాలంతా తోడేసి
గోరంత హైడ్రోజన్ వదిలినారు.
"లక్ష డిగ్రీలకు పోతాదన్నా.
దాన్ని పట్టే పాత్ర లేదు.
మీ కాయిల్సే కనపడని గోడ కడతాయి."

అయస్కాంతం నాకు కొత్తా?
ఇన్నాళ్లూ తిప్పడానికే వాడినా.
పట్టుకోవడానికి వాడొచ్చని ఎవురూ చెప్పలే.

"మంట తగిలి గొట్టం కరక్కుండా, అంతే గదా?" అన్నా.
తల అడ్డంగా ఊపింది.
"గొట్టానికి ఒక గీత పడతాది, అంతే.
తాకితే చచ్చేది అదే అన్నా.
గోడ చల్లదనానికి ఆ క్షణమే ఆరిపోతాది."

కాసేపు నోట మాట రాలే.
మంటనుంచి ఇంటిని కాపాడినోళ్లను చూసినా.
ఇంటినుంచి మంటను కాపాడేదాన్ని
ఇదే చూడ్డం.

ఢబ్ అని ఒక శబ్దం.
అద్దపు కంతకు కన్ను పెట్టి ఉండినా,
రెప్ప కొట్టినా, అయిపోయింది.
"అంతేనా?"
"మూడు మిల్లీ సెకన్లు!" అని
వాళ్లు ఒకరి వీపు ఒకరు చరుచుకుంటా ఉండారు.

రెండో తూరి రెప్పల్ని వేళ్లతో పట్టుకున్నా.
పలచని గులాబి.
ఎవురూ ముట్టుకోని రంగు.
గుండ్రంగా నిలబడి
ఏడో కాయిలు దగ్గర గోడమీదికి ఒరిగింది,
బస్సులో నిద్రపోయేవాడి తల మాదిరి.

ఏడోది.
నాకు గుర్తుండాది.
ముప్పై ఒకటో చుట్టుకాడ కరెంటు పోయింది.
చీకట్లో చేతి లెక్కన చుట్టి
నలభై ఎనిమిది అని అట్టమీద రాసినా.
ఆ పాప ఇంకా కంప్యూటర్లో లెక్కలు వేస్తా ఉండాది.
"ఏడోది విప్పు తల్లీ" అన్నా.

రాత్రి అంగడిలో మళ్లీ చుడతా ఉంటే
ట్రాక్టరు దిగి వెంకటముని,
"ఎవురిదిది, నాదానికంటే ముందు?"
"సూర్యుడి మాదిరి మంట చేస్తారంట. దాంతో కరెంటు."
"ఎప్పటికి?"
"తెలీదు."
"మా టమోటా ఎండేలోపల?"
"కాదులే."
"అయితే నాది ముందు చుట్టు."

అదీ నిజమే.
వాని మోటారు చుట్టి పంపేసరికి పన్నెండున్నర.
ఏడోదాన్ని ఒళ్లోకి తీసుకుని
ముప్పై ఒకటి దగ్గర మొదలుపెట్టినా,
నోటితో గట్టిగా లెక్కపెడతా.
సందులో కుక్క లేచి చూసి మళ్లీ పండుకునింది.

బిల్లు పుస్తకంలో అచ్చు గడులు.
రైతు పేరు: రెడ్డిరాణి.
ఊరు: తిరుపతి.
హెచ్.పి. దగ్గర ఒక గీత.
కాలిన కారణం అన్న గడిలో
పెన్ను శానాసేపు ఆగి
రాసింది: ఇంగా కాలలేదు.