గేజి రాయి

పదేళ్ల ధరలు ప్రింటు తీసి
మందుల షాపు గాజుబల్ల మీద పరిచాను.
ఆ కంపెనీ జ్వరం బిళ్లలు రోజూ అమ్ముతాను,
దానికొచ్చే జ్వరమే ఎప్పుడూ అంతుపట్టదు.

బీపీ మాత్రలకొచ్చిన ఆదాం,
లొల్ల లాకుల దగ్గర ముప్పయ్యేళ్ల లస్కరు,
కళ్లజోడు సర్దుకుని గీత వెంట వేలు నడిపాడు.
"ఇక్కడ గండి పడిందాండీ?"

గండి కాదు. ఒక షేరు ఐదయింది,
తొమ్మిదొందలు నూటెనభై అయింది.
"ఆయ్, అయితే నీళ్లు తగ్గలేదు,
రాయి మార్చారు. మాకూ ఓపాలి మార్చారండి,
పాత పుస్తకంలో అంకెలన్నీ
దిద్దలేక చచ్చాను."

ఆ పక్క పల్లం
అమెరికా తనిఖీవాళ్లు ఫ్యాక్టరీకి వచ్చిన నెల,
భయపడి నేను అమ్మేసిన నెల.
ఆదాం వేలు అక్కడ ఆగలేదు.

"మరి రేపు?" అన్నాను.

"ఎనభయ్యారు వరద గుర్తు మా గోడ మీదుందండి.
వచ్చే వరద ఎంతో అది చెప్పదు.
అరుగు ఎంతెత్తు కట్టుకోవాలో చెబుద్ది."

చిల్లర మరిచిపోయి వెళ్లాడు.

కొనాలా వద్దా అని రాసుకున్నది కొట్టేసి,
ఎంత పోతే షాపు మునగదో
ఆ అంకె వేశాను.
అనుకున్నదానికంటే చిన్నది.