ఊరికే

బీసెంట్ రోడ్డులో మా చీరలకొట్టు షట్టరు దిగేసరికి
రాత్రి తొమ్మిదీ నలభై.
పందొమ్మిదేళ్ళుగా అక్కడ నిలబడ్డాను.
స్టూలు గిరాకీకి,
కాళ్ళు జీతానికి.
ఇంటికి నేరుగా పోతే చిట్టినగర్‌కి ముప్పావుగంట.
నేనూ సలోమీ నేరుగా పోము.

మొదట్లో ఒక రూలు పెట్టుకున్నాం,
ఏ మలుపొచ్చినా ఎడమకే అని.
నాలుగు ఎడమలు తిరిగి
మళ్ళీ మా కొట్టు ముందే తేలాం.
"ఏం మర్చిపోయారమ్మా?" అన్నాడు వాచ్‌మన్ కోటిలింగం.
రూలు అతని దగ్గరే వదిలేశాం.
ఆ తర్వాత ఇంటికి పోవడం మర్చిపోయిన ఓ మేక వెనకాల,
ఇంకో రోజు వేయించిన బఠాణీల వాసన వెనకాల,
కరెంటు పోయిన రాత్రి
ఎటు చీకటెక్కువుంటే అటు,
మాకు చిన్నప్పట్నించీ చెప్పినదానికి సరిగ్గా ఎదురు.

గవర్నరుపేటలో బోర్డు రాసే కుర్రాడు
నిచ్చెన మీద "క" దగ్గర ఆగి బీడీ ముట్టించాడు.
ఏమవుతుందో చూద్దామని మేమూ ఆగాం.
కళ్ళజోళ్ళు అంది సలోమి, కట్టుపళ్ళు అన్నాను నేను.
ఇరవై నిమిషాలకి "కమ్మలు" అయింది.
ఇద్దరం ఓడిపోయి ఎంత నవ్వామో.

వన్‌టౌన్ వెనక కొండ మీదికి మెట్లు పట్టుకుంటే
దారి అయిపోయి
ఒకామె వంటింట్లోకి వచ్చిపడ్డాం.
ఫోను మ్యాపులో అక్కడంతా ఉత్త బూడిదరంగు.
ఆమె ఉల్లిపాయలు తరుగుతూనే
పెరటి తలుపు కాలితో తోసి
"ఇట్నించి పోవచ్చు" అంది.
ఎందుకొచ్చారని అడగలేదు.

మిగతా ఊరంతా అడుగుతుంది.
ఓ ఆదివారం పటమటలో, కొత్త అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర
రిజిస్టరు ఇచ్చారు. పేరు, ఫ్లాటు నెంబరు, వచ్చిన పని.
పని గడిలో సలోమి గుండ్రటి అక్షరాలతో
"చూడ్డం" అని రాసింది.
లోపలికి పోనివ్వలేదు.
మాల్‌లో బెంచీ మీద కూర్చుంటే
"ఏం కావాలి మేడమ్?"
కూర్చోవడమే కావాలి బాబూ, పందొమ్మిదేళ్ళ బాకీ.
ఏమీ కొననివాళ్ళకి మిగిలింది కాలవగట్టు,
దానికీ మొన్న ఇనుపకంచె వేశారు.

సింగ్‌నగర్‌లో గోడల మీద
ఇంకా మా గుండెల ఎత్తున నీటిగీత.
బుడమేరు దారి తప్పి వచ్చిందన్నారు అప్పుడు.
"తప్పిపోలేదే, దాని దారి దానికి గుర్తుంది" అని
గీత మీద వేలు పెట్టి
వీధి చివరిదాకా నడిచింది సలోమి.
ఒక గుమ్మం దగ్గర మాత్రం వేలు తీసేసింది.
అప్పట్లో వాళ్ళు అద్దెకున్న ఇల్లు.
నేనేమీ అనలేదు. ఆమే అంది,
"బీరువా తలుపు ఇప్పటికీ తెరుచుకోదు" అని.

నిన్న రాత్రి రైలుబ్రిడ్జి కింద
పోలీసు జీపు ఆగింది.
"ఎక్కడికమ్మా ఈ టైములో?"
"ఊరికే సార్."
"ఊరికంటే? ఏ ఊరికి?"
"ఈ ఊరికే."
టార్చి నా మొహం మీంచి చెప్పుల మీదికి దిగి
అక్కడే ఉండిపోయింది.
మందులషాపుకంటే వదిలేస్తాడు,
ఆసుపత్రికంటే దిగబెడతాడు కూడా.
ఈ రంగు మీ ఒంటికి నప్పిందండీ అని
రోజుకి ఎన్ని వందలసార్లు ఆడతానో అబద్ధం,
ఆ ఒక్కటీ నోటికి రాలేదు.

"నడవండి, నడవండి" అన్నాడు.
నడిచాం.
జీపు మా వెనకే వచ్చింది, మా నడకంత మెల్లగా,
మేం సందులోకి తిరిగితే సందులోకి,
టీకొట్టు ముందు ఆగితే టీకొట్టు ముందు.
లోపల ఎవరో ఆవలించారు.
డ్రైవరు అడగడం మాకు వినపడింది,
"ఎక్కడికి సార్ మనం?"
జవాబు రాలేదు.

పంజా సెంటర్ వచ్చింది.
సలోమి నా మోచెయ్యి గిల్లి, గొంతు తగ్గించి,
"ఎడమకి తిప్పుదామా,
నాలుగుసార్లు?"