బల్లకెలా తెలుసు

జనవరి. వాల్దీవియాలో ఎండాకాలం, అయినా వాన.
విద్యార్థి ప్రతినిధి సెలవులకి ఊరెళ్ళిపోయింది.
కమిటీలో కుర్చీ ఖాళీగా ఉంటే రూలు ఒప్పుకోదట,
లాబ్ తాళాలు పట్టుకు తిరిగే నన్ను పిలిచి కూర్చోబెట్టారు.
"మాట మీకుంది ఓనోఫ్రే, ఓటు లేదు" అంది డీన్ నెలిదా కిలోద్రాన్.
"మొదటి ఏడాది కుర్రాడిలా వినండి. అర్థం కాకపోతే అడగండి."

నవ్వొచ్చింది. నాకు యాభై ఎనిమిది.
కానీ ఆ కుర్రాణ్ణి నేనెరుగుదును.
ఇదే భవనంలో రెండుసార్లు స్టాటిక్స్ తప్పి
మూడోసారి ఫీజు కట్టలేక
స్ప్రింగులు తుడిచే పనిలో చేరినవాడు.
అడగని ప్రశ్న ఒకటి వాడి జేబులో ఇంకా ఉంది,
చొక్కాతో పాటు ఉతికి ఉతికి
మెత్తబడ్డ బస్సు టిక్కెట్టులా.

పోస్టు ఒకటి. పాఠం ఇరవై నిమిషాలు.
మార్చిలో రెండొందల నలభైమందికి చెప్పబోయే మొదటి పాఠం.

గాస్పార్ ఇతురియాగా, శాంతియాగో నుంచి.
నలభై మూడు పేపర్లు, ఇస్త్రీ నలగని చొక్కా.
బోర్డు మీద ఆయన గీసిన బాణాలు అచ్చేసినట్టున్నాయి.
చెయ్యెత్తాను.
"పుస్తకం పెడితే బల్ల పైకి తోస్తుందన్నారు.
ఎంత తొయ్యాలో బల్లకెలా తెలుసు?"
ఆయన డీన్ వంక చూశారు, నా వంక కాదు.
"సమతుల్యం కాబట్టి" అన్నారు.
రాసుకున్నాను.
నలభై ఏళ్ళ కిందటా ఇదే రాసుకున్నాను.

రెండో అతను నిబాల్దో.
"అద్భుతమైన ప్రశ్న" అని
తర్వాతి స్లైడుకి వెళ్ళిపోయాడు.

యెసేనియా వైకిల్ బస్సు దిగి తడుస్తూ వచ్చింది.
మూడు ఊళ్ళు, నాలుగు కాలేజీలు, గంటకింతని జీతం.
టాక్సీ మేష్టర్లంటారు ఇక్కడ ఇలాంటివాళ్ళని,
మీటరు తిరిగినంతసేపే బతుకు.
అదే అడిగాను.
సుద్దముక్క పక్కన పెట్టింది.
చాలాసేపు ఏమీ అనలేదు. కమిటీలో ఎవరో దగ్గారు.
"నీకేమనిపిస్తోంది?" అంది.
నువ్వు అంది నన్ను. నటనలో భాగమే, అయినా
చెవులు వేడెక్కాయి.

దరఖాస్తుల ఫైళ్ళు రెండు దొంతరలు చేసి
వాటి మధ్య వంతెనలా ప్లాస్టిక్ స్కేలు పరిచింది.
రబ్బరు పెట్టింది. కాస్త వంగింది.
నా తాళాల గుత్తి అడిగి పెట్టింది. ఇంకాస్త వంగింది.
"ఎంత వంగితే అంత తోస్తుంది.
మోయగలిగేదాకా వంగి, అక్కడ ఆగుతుంది.
దానికి తెలియనక్కర్లేదు.
నీ బల్లా అంతే, కాకపోతే
నీ కంటికి ఆనదు."

నాలుగు నిమిషాలు ఎక్కువ తీసుకుంది. డీన్ రాసుకుంది.
గుత్తి తిరిగిస్తూ ఈసారి మీరు అంది:
"ఎవరితో అనకండి, ఇది నాకర్థమైంది
పాఠాలు మొదలెట్టిన ఆరో ఏట."

పేపర్లకి నలభై, ప్రాజెక్టులకి ముప్ఫై, పాఠానికి పదిహేను,
మిగతావాటికి మిగతావి.
కూడితే ఆమె మూడో మనిషి.
నా మాట నేను చెప్పాను. మినిట్స్‌లో ఒక్క పంక్తి:
సాంకేతిక సిబ్బంది అభిప్రాయం విన్నాము.

మార్చిలో పిల్లలొచ్చారు, కొత్త కాలిక్యులేటర్లతో.
ఇతురియాగా గారు మంచివారే. వేళకి వస్తారు.
లాబ్‌లో గోడవార పడున్న పాత బల్ల,
ఆరుగురు ఎత్తితేగాని కదలనిది,
దాని మీద చిన్న అద్దం అతికించి
లేజరు దీపం గురి పెట్టాను.
ఎర్రచుక్క అవతలి గోడ మీద పడుతుంది.
చీటీ ఏమీ అంటించలేదు.

నిన్న రాత్రి లైట్లార్పడానికి వెళ్తే
ఇతురియాగా గారొక్కరే ఉన్నారు.
తాళాలు చప్పుడవకుండా పిడికిట్లో పట్టుకున్నాను.
బల్లని అరచేత్తో నొక్కారు. చుక్క కిందికి జారింది.
చెయ్యి తీశారు. పైకొచ్చింది.
తలుపు వైపోసారి చూసి
మళ్ళీ నొక్కారు.